ఏడో గుంట

ఇల్లు, ముందు గది
జూన్ 4

మామయ్యా, నమస్కారం.

ఫోనులో నేను ఒకటి అడిగితే మీరు ఇంకోదానికి జవాబు చెబుతున్నారు. "ఆయనకి వినపడదు, వినపడదని ఒప్పుకోడు, నువ్వు ఉత్తరం రాసెయ్" అని మీ అమ్మాయే సలహా ఇచ్చింది.

నాన్న పోయి నాలుగు నెలలు దాటింది. నిన్న గోల్ఫ్ క్లబ్బు సెక్రటరీ ఇంటికొచ్చాడు. మైదానంలో ఏడో గుంటకి నాన్న పేరు పెట్టి, పక్కన ఒక రాయి నిలబెడతారట. సెప్టెంబరులో సభ. ఆ రోజు చదవడానికి నాన్న గురించి నాలుగు పేజీలు నన్ను రాయమన్నాడు. "వ్యాపారి, ఆటగాడు, ఇల్లే లోకంగా బతికిన మనిషి. ఈ మూడూ రావాలమ్మా" అని వేళ్ళు మడిచి మరీ చెప్పాడు.

మొదటిది తేలికే. రేకుల షెడ్డులో ఆరుగురితో ఇత్తడి కుళాయిలు చెయ్యడం మొదలుపెట్టి నూట నలభై మంది పనిచేసే ఫ్యాక్టరీ దాకా తెచ్చాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు వంటింట్లోకి దూరి కుళాయి తిప్పి చూసేవాడు. మా అత్తగారింటికి మొదటిసారి వచ్చినప్పుడు కూర్చోకముందే జేబులోంచి వాషరు తీసి వాళ్ళ కుళాయి బాగుచేశాడు. మా అత్తగారు ఇప్పటికీ ఆ కుళాయిని "మీ నాన్నగారు" అంటుంది.

మూడోది ఇంకా తేలిక. నాకు జ్వరమొస్తే నాన్న ఫ్యాక్టరీ మానేసేవాడు. యజమాని సెలవు ఎవరిని అడగాలో తెలియక తన గుమాస్తాకే సెలవు చీటీ రాసి పంపేవాడు. నా స్కూలు నాటకాల్లో నాకు ఒక్క మాట లేకపోయినా ముందు వరసలో ఆయన ఉండేవాడు.

రెండోది మీరు చెప్పాలి. నేను పుట్టిన రోజున ఏడో గుంటలో నాన్న ఒక్క దెబ్బకి బంతి వేశాడు. దాన్ని మీరు హోల్ ఇన్ వన్ అంటారు కదా. క్లబ్బు గోడ మీద బంగారు అక్షరాలతో ఆయన పేరు ఉంది. ఆ రోజు చూసినవాళ్ళు మీరొక్కరే. ఎండ ఎలా ఉంది, ఏ కర్ర వాడాడు, బంతి పడగానే ఏమన్నాడు, అన్నీ రాయండి. నాన్న ఒక్కసారీ చెప్పలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి కుళాయి చూడడానికి వెళ్ళిపోయేవాడు. సిగ్గనుకునేదాన్ని.

ఇంట్లో మనసు కుదురుగా లేదు. అమ్మ రోజుకో అలమర ఖాళీ చేసి మళ్ళీ సర్దుతోంది. మరదలికి ఏడో నెల. పోయిన ఏడాది ఆరో నెలలో కడుపు పోయింది కదా, అందుకని అందరం ఊపిరి బిగబట్టుకుని తిరుగుతున్నాం. తమ్ముడు మాత్రం పొద్దున్నే ఫ్యాక్టరీకి పోయి చీకటి పడ్డాక వస్తున్నాడు.

మీ
పిచ్చుక

*

అమ్మాయి ఇల్లు, రెండో అంతస్తు
జూన్ 13

పిచ్చుకా,

వినపడదని ఎవరన్నారు. అక్కర్లేనివి వినపడవు, అంతే.

నలభై ఏళ్ళు పళ్ళు పీకినవాణ్ణి, నా దగ్గర ఎవరూ నోరు తెరిచి మాట్లాడింది లేదు. తెరిచేవాళ్ళు, మాట్లాడేవాళ్ళు కాదు. మీ నాన్న ఒక్కడే దవడలో దూది పెట్టుకుని కూడా నా క్లినిక్కులో కుళాయి కారుతోందని చెప్పాడు. అలా పరిచయం. మరుసటి వారం నన్ను గోల్ఫ్ మైదానానికి లాక్కుపోయాడు.

ఆటగాడిగా వాడు ఎలాంటివాడని అడిగావు. నిజం రాసుకో. మధ్యరకం. కొట్టేముందు బంతిని పలకరించేవాడు. "వెళ్ళొస్తావా మరి" అనేవాడు. అది చెట్లలోకి పోతే వెతికి తెచ్చి తుడిచి జేబులో వేసుకునేవాడు. దానిమీద కోపం చూపించేవాడు కాదు. చినుకులు పడుతుంటే అందరం పరిగెత్తేవాళ్ళం, వాడు మాత్రం తడుస్తూ నిలబడి నీళ్ళు ఏ వాలుకి పోతున్నాయో చూసేవాడు. క్లబ్బు వాళ్ళు వాణ్ణి "కుళాయిగారు" అనేవాళ్ళు. వాడికి ఇష్టమే. పందెంలో ఓడిపోతే నవ్వేవాడు, గెలిస్తే క్షమాపణ అడిగేవాడు. ఆరింటికల్లా ఇంటికి వెళ్ళాల్సిందే. ఒకసారి ఆఖరి గుంటకి అరచెయ్యంత దూరంలో బంతి ఉండగా గడియారం చూసి, "పిల్లలు అన్నానికి ఆగుతారు" అని కర్ర సంచిలో పెట్టేశాడు. ఆ బంతిని నేను నెట్టి, వాడి తరఫున గెలిచాను. ఇది రాయి, జనం నవ్వుతారు.

ఏడో గుంట సంగతి అందరికీ తెలిసిందే కదా. కొత్తగా చెప్పేదేముంది. పైగా ముప్పై ఎనిమిదేళ్ళ నాటి ఎండ ఎలా ఉందో ఎవరికి గుర్తు.

నీ తమ్ముణ్ణి కసురుకోకు. వాడు మెత్తటివాడు.

నీ
పళ్ళ మామయ్య

*

ఇల్లు
జూన్ 24

మామయ్యా,

ఏ కర్ర వాడాడో కూడా రాయలేదు. నేను చిన్నప్పుడు పన్ను పీకించుకోవడానికి భయపడి మీ క్లినిక్కు బల్ల కింద దూరానే, అలా ఉంది మీ ఉత్తరం.

ఇక్కడ సంగతి బాగోలేదు. మరదలికి రక్తపోటు పెరిగింది. మంచం దిగొద్దన్నారు. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, నేనే తీసుకెళ్తున్నాను. తమ్ముడు ఒక్కసారీ రాలేదు. మిషను ఆగిపోయిందంటాడు, సరుకు పంపాలంటాడు. మూడు రోజుల కింద మరదలు ఆసుపత్రి వరండాలో కూర్చుని, "వదినా, ఆయనకి ఈ బిడ్డ అక్కర్లేదా" అని అడిగింది. నేను మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక ఒంటికాలి మీద లేచాను. తమ్ముడు చెప్పులు విప్పుతున్నాడు. గుమ్మంలోనే పట్టుకున్నాను.

"నాన్న బతికుంటే నీ మొహం చూసేవాడు కాదురా," అన్నాను. "నువ్వు పుట్టినప్పుడు రెండు రోజులు ఆసుపత్రి బెంచీ దిగలేదు. తిండికి కూడా పోలేదు. ఆయన కడుపునే పుట్టావా అసలు?"

వాడు విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కుని వెళ్ళిపోయాడు. మూడు రోజులైంది, ఫ్యాక్టరీ ఆఫీసు గదిలోనే పడుకుంటున్నాడు. అమ్మ క్యారేజీ పంపిస్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు గానీ నిన్న అలమర సర్దుతూ, "ఎవరినీ ఎవరితోనూ పోల్చకు" అంది. అంతే.

నాన్న గురించి రెండు పేజీలు రాశాను. చదువుకుంటే తమ్ముణ్ణి తిట్టడానికి రాసినట్టుంది.

పిచ్చుక

*

అమ్మాయి ఇల్లు
జూలై 1

పిచ్చుకా,

మూడు ఉత్తరాలు రాసి చింపేశాను. ఇది నాలుగోది. పొద్దుటినుంచి గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే కింద అంతస్తు వాళ్ళు పైకొచ్చి ఏమైందని అడిగి వెళ్ళారు.

ఒకటే చెబుతాను. నీ తమ్ముడి దగ్గర మీ నాన్న మాట ఎత్తకు. ఆ రకంగా ఎత్తకు. ఎందుకని అడగకు. ఒకరికి మాటిచ్చాను, ఆ మాట ఇచ్చి చాలా ఏళ్ళయింది.

ఆ రాయి పని కొన్నాళ్ళు ఆపించగలవా? వానలు తగ్గాక చూద్దామని చెప్పు. సెక్రటరీ మంచివాడే, వింటాడు.

చెల్లెమ్మ, అదే మీ అమ్మ, ఎలా ఉంది? నా గురించి ఏమైనా అడిగిందా?

మామయ్య

*

ఇల్లు
జూలై 9

మామయ్యగారికి,

రాయి చెక్కడం మొదలైంది. ఆపలేను. ఆపమనడానికి కారణం నాకు తెలియాలి కదా.

మీ ఉత్తరం చేరిన రోజే క్లబ్బుకి వెళ్ళాను. పాత రిజిస్టరు అడిగితే సెక్రటరీ బీరువా పైనుంచి దింపించాడు. పేజీ దొరికింది. నాన్న పేరు, ఏడో గుంట, ఒక్క దెబ్బ, మధ్యాహ్నం మూడున్నర. సాక్షి గడిలో మీ సంతకం. మీ సంతకం ఎప్పుడూ నిటారుగా ఉంటుంది, మా ఇంట్లో మీ చీటీలు బోలెడు ఉన్నాయి. ఇది మాత్రం పక్కకి ఒరిగిపోయింది.

తరువాత కారులో కూర్చున్నాను, తాళం తిప్పలేకపోయాను. నేను పుట్టింది మూడు దాటి పది నిమిషాలకి. అమ్మని పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రిలో చేర్చారు. అంటే ఏడు గంటలపాటు అమ్మ అక్కడ నొప్పులు పడుతుంటే నాన్న గోల్ఫ్ ఆడుతున్నాడు. ఈ కథ ముప్పై ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో నవ్వుతూ చెప్పుకున్నాం. నా పెళ్ళిలో మైకు పట్టుకుని చెప్పారు. అమ్మ దగ్గర ఎందుకు లేడని ఒక్కరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

అసలు ఆడుతున్నాడా? లేక ఇంకెక్కడైనా ఉన్నాడా? ఎవరి దగ్గరైనా ఉన్నాడా? ఈ మాట రాయకుండా ఉండలేకపోతున్నాను. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. అమ్మని అడిగే ధైర్యం లేదు.

మీరు చెప్పకపోతే ఆ నాలుగు పేజీలు నేను రాయను. సభకీ రాను.

—

*

అమ్మాయి ఇల్లు
జూలై 15

పిచ్చుకా,

కింద సంతకం కూడా పెట్టలేదు నువ్వు. సరే. కూర్చుని చదువు.

మీ నాన్నకి ఇంకో ఇల్లు గానీ ఇంకో మనిషి గానీ లేదు. ముందు అది మనసులోంచి తీసెయ్.

నీకంటే రెండేళ్ళ ముందు చెల్లెమ్మకి ఒక బాబు పుట్టాడు. ఈ సంగతి మీ ఇద్దరికీ తెలియదు. రెండు రోజులు బతికాడు. ఆ రెండు రోజులూ మీ నాన్న ఆసుపత్రి వదల్లేదు. తరువాత ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకూడదని ఎవరూ అనుకోలేదు కూడా, అలా జరిగిపోయింది.

నువ్వు పుట్టిన రోజు బుధవారం. బుధవారం మధ్యాహ్నం క్లినిక్కు మూసేవాణ్ణి. ఒక్కణ్ణే ఆడుకుంటున్నాను. ఏడో గుంట దగ్గర, బంతి పెట్టి కొట్టే చోట ఒక బెంచీ ఉంది. దానిమీద మీ నాన్న కూర్చుని ఉన్నాడు. ఫ్యాక్టరీ చొక్కా, చేతిలో కర్ర లేదు, సంచి లేదు. చెల్లెమ్మని చేర్చారని నాకు తెలుసు.

"ఇక్కడేం చేస్తున్నావురా?" అన్నాను.

"మెట్లెక్కలేకపోతున్నాను," అన్నాడు. "నాలుగుసార్లు గేటు దాకా వెళ్ళాను. మెట్ల దగ్గర కాళ్ళు రావట్లేదు."

"పద, నేను తీసుకెళ్తాను."

"నువ్వు ఆడు. నేను చూస్తాను. ఏదో ఒకటి చూస్తూ ఉండాలి నేను."

ఏం చెయ్యాలో తెలియక ఆడాను. మూడు బంతులు కొట్టాను, మూడూ చెట్లలోకి పోయాయి. వాడు వాటిని చూడనే లేదు. నేను అప్పుడు వాణ్ణి రెక్క పట్టుకుని లాక్కుపోవాల్సింది. డాక్టర్ననే పేరే గానీ, పళ్ళు తప్ప మనిషిలో మిగతాది నాకు అర్థం కాదు.

మూడున్నరకి క్లబ్బు గుమాస్తా సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ఆసుపత్రి నుంచి ఫోను, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం అన్నాడు. మీ నాన్న లేవబోయి లేవలేకపోయాడు. గడ్డి మీద కూలబడ్డాడు. వాడు ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆసుపత్రిలో మీ అమ్మమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "పొద్దుటినుంచి ఎక్కడున్నావయ్యా? అది ఏడు గంటలు నీ పేరే పిలిచింది," అంది. చుట్టూ బంధువులు. వాడి మొహం చూసి నాకు నోరు జారింది. "ఏడో గుంటలో ఒక్క దెబ్బకి బంతి వేశాడండీ, క్లబ్బులో ఎవరూ వదలలేదు," అన్నాను. ఎవరో నవ్వారు. బిడ్డ, బంతి ఒకేసారి అన్నారు. అందరూ నవ్వారు. మీ అమ్మమ్మ కూడా.

మా వెనకే ఆసుపత్రికి వచ్చిన ఆ గుమాస్తా అది విని క్లబ్బులో చెప్పాడు. రిజిస్టరు తెచ్చి ముందు పెట్టారు. మీ నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "రేపు చెప్పేద్దాంలేరా" అని వాడి చెయ్యి విదిలించుకుని సంతకం పెట్టాను. అందుకే అది ఒరిగిపోయింది. ఆ రేపు రాలేదు. నెల తిరిగేసరికి గోడ మీద బంగారు రంగు వేశారు.

అప్పటినుంచి ప్రతి ఏడాదీ నీ పుట్టినరోజు పొద్దున్నే మీ నాన్న ఒక్క బంతి తీసుకుని ఏడో గుంట దగ్గరికి వెళ్ళేవాడు. ఒక్కటే దెబ్బ. పడితే ఆ పేరుకి అర్హత వస్తుందనేవాడు. ముప్పై ఎనిమిది సార్లు కొట్టాడు. ఒకసారి జానెడు దూరంలో ఆగింది. నేను ఈ ఊరు వచ్చేశాక కార్డు ముక్క రాసేవాడు, "ఈసారీ పడలేదు" అని. ఈ జనవరిలో కూడా రాశాడు.

పోయిన ఏడాది మీ తమ్ముడికి బిడ్డ దక్కనప్పుడు మీ నాన్న నాకు ఫోను చేశాడు. వాడికి అంతా చెప్పాలనుంది అన్నాడు. మూడుసార్లు ఫ్యాక్టరీలో వాడి గదిలోకి వెళ్ళి, మూడుసార్లూ కుళాయిల గురించి మాట్లాడి వచ్చేశాడట.

నువ్వు వాణ్ణి కొట్టడానికి ఎత్తిన కర్ర మీ నాన్నది కాదమ్మా. ఏనాడూ భయపడని నాన్న, నేను కల్పించినవాడు. అందుకే ఇప్పుడు వాడికిచ్చిన మాట తప్పుతున్నాను.

నన్నేమన్నా పడతాను.

మామయ్య

*

ఆసుపత్రి, మూడో అంతస్తు వరండా
ఆగస్టు 2

మామయ్యా,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు మీ మీద కోపంగా ఉన్నాను, రెండు రోజులు నాన్న మీద. ఐదో రోజు దాన్ని సంచిలో పెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాను.

తమ్ముడు పరీక్ష గదిలో ఉన్నాడు. కుళాయిల్లోకి గాలి పట్టించి నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు వస్తున్నాయేమో చూసే గది అది. వాడే ఒక్కొక్కటీ ముంచి చూస్తున్నాడు, ఆ పనికి నలుగురు మనుషులున్నా. నేను స్టూలు మీద కూర్చుని ఉత్తరం మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను. వాడు తొట్టిలోంచి చెయ్యి తీయలేదు.

చదవడం అయిపోయింది. "నేను ఆసుపత్రికి రాలేదనుకుంటున్నావు," అన్నాడు. "మీరు వెళ్ళిన ప్రతిసారీ వెనక వచ్చాను. గేటు అవతల కారులో కూర్చుని మీరు బయటికి వచ్చేదాకా ఉండి, మీకంటే ముందు ఫ్యాక్టరీకి వచ్చేసేవాణ్ణి."

"నాతో చెప్పచ్చు కదరా."

"నాన్న అలా కాదు కదా అక్కా. నేనొక్కణ్ణే ఇలా తయారయ్యాననుకున్నాను."

వాడి చేతులు తడిగా ఉన్నాయి, నేను అలాగే పట్టుకున్నాను. మేం చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు తప్ప చేతులు పట్టుకున్నది లేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాడు. మరదలి మంచం పక్కన కింద కూర్చుని ఏం చెప్పాడో నాకు తెలియదు, తలుపు వేసుకున్నారు. తరువాత ఆమె అన్నం అడిగి తింది.

ఇరవై తొమ్మిదో తేదీన ఉన్నట్టుండి నొప్పులు వచ్చాయి. నెల ముందే. తమ్ముడు మెట్ల దగ్గర ఆగిపోయాడు. నేను వాడి మోచెయ్యి పట్టుకున్నాను. మొదటి అంతస్తు దాకా ఎక్కి కూర్చుండిపోయాడు. లేచాడు. రెండో అంతస్తులో మళ్ళీ కూర్చున్నాడు. ఎవరో నర్సు దారికి అడ్డంగా ఉన్నారని కసిరింది. మూడో అంతస్తు చేరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. చేరాడు.

పాప. బరువు తక్కువ. గాజుపెట్టెలో ఉంచారు. ఊపిరి తనే తీసుకుంటోంది గానీ ఇంకా వారం గడవాలన్నారు. తమ్ముడు ఆ పెట్టె పక్కనుంచి కదలడం లేదు. ఇప్పుడు కూడా నాకు వాడి వీపు కనిపిస్తోంది. స్నానానికి పంపడానికి నేనూ మరదలూ పోట్లాడాల్సి వస్తోంది.

అమ్మకి ఏమీ చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మీ
పిచ్చుక

*

అమ్మాయి ఇల్లు
ఆగస్టు 11

పిచ్చుకా,

పాప ఎలా ఉంది? నీ ఉత్తరం వచ్చాక మా అమ్మాయి చేత రోజుకి రెండుసార్లు ఆసుపత్రికి ఫోను చేయిస్తున్నాను. వాళ్ళు విసుక్కుంటున్నారట. విసుక్కోనీ.

క్లబ్బు సెక్రటరీకి నేనే ఉత్తరం రాస్తున్నాను. అబద్ధపు సాక్ష్యం పెట్టానని, గోడ మీద ఆ పేరు చెరిపేయమని. నాకు ఎనభై దగ్గరపడింది, నా సభ్యత్వం తీసేసినా పోయేదేమీ లేదు. కానీ వాళ్ళు గోడ ముట్టుకోకముందే చెల్లెమ్మకి తెలియాలి. గోడ చూసి తెలుసుకోకూడదు. నేను రావాలా చెప్పడానికి? వస్తాను. రైల్లో నాకు నిద్ర పట్టదు గానీ ఇక్కడ మాత్రం ఏం పడుతోంది.

చెల్లెమ్మ మొహం ఎలా చూడాలో, అదొక్కటే భయం.

మామయ్య

*

ఇల్లు
సెప్టెంబరు 3

మామయ్యా,

పాప ఇంటికొచ్చింది. ముందు అది. పాలు తాగుతోంది, గట్టిగా ఏడుస్తోంది. తమ్ముడు ఆ ఏడుపు వింటూ నవ్వుతున్నాడు.

అమ్మకి చెప్పాను. మీరు రానక్కర్లేకపోయింది. మొన్న పాపని పడుకోబెట్టి అమ్మ గుడ్డలు మడతపెడుతుంటే, పక్కన కూర్చుని మొదలుపెట్టాను. సగంలోనే ఆపేసింది.

"నాలుగుసార్లు కాదు. ఐదుసార్లు వచ్చాడు," అంది.

ఆ ఆసుపత్రిలో అమ్మ మంచం కిటికీ పక్కన ఉండేదట. గేటు కనిపించేది. నొప్పి వచ్చినప్పుడల్లా గేటు వైపు చూసేదట. నాన్న రావడం, మెట్ల ముందు నిలబడడం, వెనక్కి తిరగడం, ఐదుసార్లూ చూసింది. మీరు గుమ్మంలో నిలబడి గోల్ఫ్ కథ చెబుతుంటే లోపల మంచం మీద విన్నది. "పాపం అన్నయ్యగారు, అబద్ధం చెప్పడం కూడా చేతకాదు. బంతి గుంటలో వేసినవాడి మోకాళ్ళకి మట్టి ఎందుకుంటుంది," అంది.

"మరి ఆయన్ని అడగలేదా?" అన్నాను.

"అడిగితే చెబుతాడు. చెబితే క్షమించాలి. నాకు క్షమించాలని లేదు."

అమ్మే మళ్ళీ అంది. "ఏడు గంటలు పిలిచానే. అది ఇప్పటికీ పోలేదు. అలాగని ఆయనతో బతకడం ఒక్క రోజు కూడా కష్టమనిపించలేదు. తరువాత నేను పిలవకముందే వచ్చేవాడు, జీవితమంతా. రెండూ నిజమే. రాస్తే రెండూ రాయి. ఒకటే రాసేటట్టయితే మానెయ్."

నిన్న తనంతట తనే మైదానానికి తీసుకెళ్ళమంది. నలభై ఏళ్ళలో అమ్మ ఒక్కసారీ అక్కడ అడుగు పెట్టలేదు. సెక్రటరీ ఎదురొచ్చాడు. మీ ఉత్తరం అందింది కదా, మనిషి తికమకగా ఉన్నాడు. ఏడో గుంట దగ్గర బెంచీ మీద అమ్మ కూర్చుంది. "గుంట ఏదీ?" అని అడిగింది. దూరంగా జెండా చూపించాను.

"ఇంత దగ్గరా?" అంది. "దీనికా ముప్పై ఎనిమిదేళ్ళు?"

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. తరువాత సెక్రటరీతో, రాయి మీద హోల్ ఇన్ వన్ అన్న మాట తీసేసి "ముప్పై ఎనిమిదేళ్ళు ప్రయత్నించాడు, పడలేదు" అని చెక్కించమంది. "గౌరవంగా ఉండదేమోనండీ," అన్నాడాయన.

"ఆయన్ని పెళ్ళి చేసుకున్నది నేను. గౌరవం సంగతి నాకు వదిలెయ్యండి," అంది అమ్మ. సరేనన్నాడు. గోడ మీద పేరు కూడా చెరిపేస్తున్నారు. నా నాలుగు పేజీలు మళ్ళీ రాశాను, రెండూ రాశాను. తమ్ముడు చదువుతానన్నాడు, వాడే చదువుతాడు.

సెక్రటరీ వెళ్ళాక అమ్మ ఇంకాసేపు కూర్చుంది. మొదటి బాబు గురించి మాట్లాడింది, నాతో మొదటిసారి. జుట్టు చాలా ఉండేదట. రెండు రోజుల్లో ఒక్కసారే కళ్ళు తెరిచాడట. అప్పుడు అమ్మ నిద్రలో ఉంది. నాన్న ఒక్కడే చూశాడు. ఆ కళ్ళు ఎలా ఉన్నాయని అమ్మ ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

లేవబోతూ అంది, "మీ మామయ్యకి ఏమైనా చెప్పాడేమో అడుగు."

అడుగుతున్నాను.

పిచ్చుక

*

అమ్మాయి ఇల్లు
సెప్టెంబరు 8

చెల్లెమ్మకి,

ఇది పిల్లకి రాయదగ్గది కాదు, నీకే రాస్తున్నాను.

చెప్పాడు. ఆ బుధవారం బెంచీ మీద చెప్పాడు, మళ్ళీ ఎప్పుడూ అనలేదు. బాబు ముందు ఎడమ కన్ను తెరిచాడట. కాసేపు ఆగి కుడి కన్ను. నల్లటి కళ్ళట, బాగా పెద్దవట. రెండూ తెరిచాక తండ్రిని పైనుంచి కిందికి చూసి, సరుకు నచ్చనివాడిలా కనుబొమలు ముడిచాడట. అది చెబుతూ మీ ఆయన నవ్వాడు.

ఆ తరువాత అన్న మాట ఇది. "ఆమెకి అప్పుడే కునుకు పట్టింది, అలిసిపోయిందని లేపలేదురా. మళ్ళీ తెరుస్తాడుగా, అప్పుడు లేపుదామనుకున్నాను."

అన్నయ్య